పాఠం 11: చూపు వేరు, గురి వేరు

11.0 ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• దూరదర్శినిలో స్పష్టంగా కనిపించడానికీ, అది సరైన దిశను చూపడానికీ ఉన్న తేడాను వివరించగలుగుతారు.
• లెవెల్ యంత్రాన్ని నిలిపి, పారలాక్స్ లేకుండా చూసే క్రమాన్ని చెప్పగలుగుతారు.
• రెండు మేకుల పరీక్ష చేసి, దృష్టిరేఖలోని దోషాన్ని లెక్కకట్టగలుగుతారు.
• యంత్రంలో దోషమున్నా ఫలితంలోకి రాకుండా చూసే పద్ధతిని పాటించగలుగుతారు.
• ‘గురి’ అనే మాటను వేర్వేరు అర్థాలలో ప్రయోగించగలుగుతారు.

11.1 పరిచయం

హౌరా నుంచి రైల్లో విశాఖపట్నం వైపు వస్తే సుమారు 115 కిలోమీటర్ల దూరంలో ఖరగ్‌పూర్ తగులుతుంది. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కంపెనీ ఈ ఊరిని పెద్ద కూడలిగా తీర్చిదిద్దింది. ఆ కంపెనీ రైళ్ళు తెలుగు ప్రాంతం దాకా నడిచేవి. పని కోసం ఉత్తరాంధ్ర నుంచి వెళ్ళిన కుటుంబాలు ఎన్నో అక్కడే స్థిరపడ్డాయి. ఇవాళ్టికీ మథురాకాటి, నింపురా వంటి పేటలలో తెలుగు వినిపిస్తుంది. మీరు ఆ ఊరివారే అయితే ఈ పాఠంలోని ఉదాహరణలు మీ ఇంటి ముందున్నవే.

ఖరగ్‌పూర్ స్టేషన్‌లోని పొడవైన ప్లాట్‌ఫారం 1072.5 మీటర్లు. చాలాకాలం అది ప్రపంచంలోకెల్లా పొడవైన ప్లాట్‌ఫారంగా పేరు పొందింది. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్ళి దానిని దాటాయి. ఈ ప్లాట్‌ఫారం ఒక చివర నిలబడి రెండో చివరకు చూడండి. నేల మట్టంగా ఉందా? ఎటైనా వాలి ఉందా? కంటికి తెలియదు. కిలోమీటరు పొడవున ఒక మూర ఎత్తు తేడా ఉన్నా కన్ను పసిగట్టలేదు. కాని నీటికి తెలుస్తుంది. బ్రేకు వేయని వ్యాగనుకు తెలుస్తుంది.

అందుకే ఇంజనీర్లు కంటిని నమ్మక లెవెల్ యంత్రాన్ని నమ్ముతారు. ఆ యంత్రంలోని దూరదర్శిని దూరాన ఉన్న కర్ర మీది అంకెలను దగ్గరగా, స్పష్టంగా చూపిస్తుంది. మరి ఆ యంత్రమే తప్పు చూపితే? ఈ పాఠం ఆ ప్రశ్నకు సమాధానం.

11.2 ఒకే సాధనం, రెండు రేఖలు

ముందుగా వేరొక రంగం నుంచి ఉదాహరణ చూద్దాం. తుపాకీ మీద దూరదర్శిని బిగించినప్పుడు అక్కడ రెండు రేఖలు ఏర్పడతాయి. ఒకటి గొట్టం గుండా గుండు బయలుదేరే రేఖ. రెండవది దూరదర్శినిలోని అడ్డగీత, నిలువుగీత కలిసే చోటు గుండా మన చూపు వెళ్ళే రేఖ. దూరదర్శిని గొట్టానికి కొన్ని సెంటీమీటర్ల పైన కూర్చుంటుంది. కాబట్టి ఈ రెండు రేఖలు ఒకటి కావు. నిర్ణీత దూరంలో గుండు తగిలే చోటు, చూపు నిలిచే చోటు ఒకటయ్యేటట్లు వాటిని సరిచేయాలి. బిగింపు కట్లు రెండూ ఒకే వరుసలో ఉండాలి. వాటి మరలను ఒకవైపే బిగించక, కొద్దికొద్దిగా అన్నింటినీ సమంగా బిగించాలి. నిలువుగీత నిజంగా నిలువుగా ఉందో లేదో దారానికి వేలాడదీసిన గుండుతో పోల్చి చూడాలి. ఆ తరువాత పరీక్ష గుళ్ళు కాల్చి, అవి పడిన చోటును బట్టి సవరణ మరను తిప్పాలి. సాధారణంగా ఆ మర ఒక్కొక్క ‘టిక్కు’కు 100 మీటర్ల దూరంలో దాదాపు 7 మి.మీ. మార్పు వస్తుంది. ఇదంతా లైసెన్సు ఉన్నవారు, శిక్షకుని సమక్షంలో, కాల్పుల మైదానంలో మాత్రమే చేయవలసిన పని.

ఒలింపిక్స్‌లోని 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలో దూరదర్శినిని వాడనివ్వరు. సన్నని రంధ్రం గుండా చూసే గురి సాధనం వాడతారు. అయినా సూత్రం ఒక్కటే. 2008లో బీజింగ్ ఫైనల్‌కు ముందు తాను వేసిన పరీక్ష గుళ్ళలో ఒకటి 4 అంకె వలయంలో పడిందనీ, గురి సాధనం కదిలి ఉన్నట్లు అప్పుడు తెలిసిందనీ అభినవ్ బింద్రా తరువాత చెప్పారు. ఉన్న కొద్ది సమయంలోనే దానిని సరిచేసుకొని ఆయన బంగారు పతకం గెలిచారు. హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012లో లండన్‌లో కాంస్య పతకం సాధించింది కూడా ఇదే పోటీలో.

బింద్రా కన్ను చెడలేదు, చెయ్యి వణకలేదు. లక్ష్యం ఎప్పటిలాగే స్పష్టంగా కనిపించింది. తప్పు సాధనంలో ఉంది. పరీక్ష గుండు వేయకపోతే ఆ సంగతి తెలిసేది కాదు. ఈ ఒక్క మాట గుర్తుంచుకోండి: స్పష్టంగా కనిపించినంత మాత్రాన సరిగ్గా చూపినట్లు కాదు.

లెవెల్ యంత్రంలోనూ రెండు రేఖలున్నాయి. ఒకటి బుడగ గొట్టం చూపే క్షితిజ సమాంతర రేఖ. రెండవది దూరదర్శినిలోని అడ్డగీత గుండా వెళ్ళే దృష్టిరేఖ. బుడగ మధ్యలో నిలిచిందంటే మొదటి రేఖ సరిగా ఉన్నట్లు. రెండవ రేఖ దానికి సమాంతరంగా ఉందని బుడగ హామీ ఇవ్వదు. ఆ హామీని మనం పరీక్ష చేసి సంపాదించాలి.

పాఠ్యగత ప్రశ్నలు 11.1
1. తుపాకీ మీది దూరదర్శినిని సరిచేసేటప్పుడు ఏ రెండింటిని కలుపుతాము?
2. లెవెల్‌లో బుడగ మధ్యలో ఉంటే దృష్టిరేఖ కూడా సరిగా ఉన్నట్లేనా?

11.3 యంత్రాన్ని నిలపడం, చూడటం

ఈ పనిని కింది క్రమంలో చేయాలి.

మొదటి మెట్టు: మూడుకాళ్ళ స్టాండును గట్టినేల మీద పాతండి. రైలు పట్టాల పక్కన కంకర మీద కాళ్ళు జారతాయి. అక్కడ కాలి మొనలు కదలకుండా దిగేవరకు తొక్కాలి.

రెండవ మెట్టు: పాద మరలను తిప్పి బుడగను మధ్యకు తెండి. తరువాత దూరదర్శినిని 180 డిగ్రీలు తిప్పండి. బుడగ మధ్యలోనే ఉంటే మంచిది. పక్కకు జరిగితే, ఆ జరిగిన దూరంలో సగమే అసలు దోషం. రెండవ సగం మనం తిప్పడం వల్ల వచ్చింది. అందుకని సగాన్ని బుడగ గొట్టం చివరి మరతోనూ, మిగిలిన సగాన్ని పాద మరలతోనూ సరిచేస్తారు.

ఈ ‘తిప్పి చూడటం’ మనకు కొత్త కాదు. తక్కెడ మీద అనుమానం వస్తే సరుకును ఒక పళ్ళెం నుంచి రెండో పళ్ళేనికి మార్చి తూస్తాము. తాపీమేస్త్రి రసమట్టాన్ని ఒకసారి పెట్టి చూసి, కొసలు మార్చి మళ్ళీ పెడతాడు. దోషం సాధనంలో ఉంటే సాధనంతోపాటు అదీ తిరుగుతుంది. గోడలో ఉంటే అక్కడే ఉంటుంది. సాధనం తప్పు పట్టడానికి ఇంతకంటె సులువైన ఉపాయం లేదు.

మూడవ మెట్టు: దూరదర్శినిని ఆకాశం వైపుగాని, తెల్లకాగితం వైపుగాని పెట్టి అక్షికటకాన్ని తిప్పుతూ అడ్డగీత నల్లగా, సన్నగా కనిపించేటట్లు చేయండి. సూర్యుని వైపు మాత్రం ఎన్నడూ పెట్టకూడదు. కంటిచూపు పోతుంది.

నాలుగవ మెట్టు: ఇప్పుడు దూరదర్శినిని అంకెల కర్ర (స్టాఫ్) వైపు తిప్పి, పక్కనున్న మరతో అంకెలు స్పష్టమయ్యేటట్లు చేయండి. తరువాత మీ కంటిని కొద్దిగా పైకీ కిందికీ కదపండి. కర్ర మీద అడ్డగీత జరిగినట్లు కనిపిస్తే పారలాక్స్ ఉన్నట్లు. అంటే ప్రతిబింబం, అడ్డగీత ఒకే తలంలో లేవన్నమాట. అప్పుడు మూడవ మెట్టు నుంచి మళ్ళీ మొదలుపెట్టండి. పారలాక్స్ ఉండగా తీసిన అంకెను కన్ను పెట్టిన తీరు నిర్ణయిస్తుందే గాని నేల ఎత్తు కాదు.

పాత యంత్రాలలో అంకెలు తలకిందులుగా కనిపిస్తాయి. అది దోషం కాదు. వాటి కటకాల అమరిక అటువంటిది.

కృత్యం 1: మీ వీధిలో ఇల్లు కడుతున్న మేస్త్రినడిగి రసమట్టాన్ని తీసుకోండి. దానిని నున్నటి బల్ల మీద పెట్టి బుడగ ఎక్కడుందో గుర్తించండి. కొసలు మార్చి అదే చోట పెట్టండి. బుడగ రెండుసార్లూ మేస్త్రికి ఒకే వైపు, ఉదాహరణకు తలుపు వైపు, నిలిస్తే బల్ల వాలి ఉంది. ఒకసారి తలుపు వైపు, ఒకసారి గోడ వైపు సమానంగా జరిగితే తప్పు రసమట్టానిది.

11.4 రెండు మేకుల పరీక్ష

దృష్టిరేఖ సరిగా ఉందా లేదా తెలుసుకోవడానికి ఈ పరీక్ష చేస్తారు. దీనికి ఖరీదైన పరికరాలేవీ అక్కరలేదు. దాదాపు సమంగా ఉన్న మైదానం, రెండు మేకులు, అంకెల కర్ర, పట్టుకోవడానికి ఒక మనిషి చాలు.

60 మీటర్ల దూరంలో రెండు మేకులు కొట్టండి. వాటిని క, చ అందాం.

మొదటి భాగం: యంత్రాన్ని సరిగ్గా మధ్యలో, రెండు మేకులకూ 30 మీటర్ల దూరంలో నిలపండి.

క మీద కర్ర అంకె: 1.420 మీ.
చ మీద కర్ర అంకె: 1.265 మీ.
తేడా: 0.155 మీ.

కర్ర మీద అంకె పెద్దదైతే నేల పల్లమని అర్థం. కాబట్టి క కంటె చ 0.155 మీ. ఎత్తున ఉంది. ఈ తేడా నిజమైనదే. యంత్రం తప్పు చూపుతున్నా ఇది నిజమే. ఎందుకంటే దృష్టిరేఖ పైకి వంగి ఉంటే, 30 మీటర్ల దూరంలో రెండు వైపులా ఒకే కొలత మేరకు ఎక్కువ అంకె వస్తుంది. ఒకదాని నుంచి ఒకటి తీసివేసినప్పుడు ఆ ఎక్కువ కొట్టుకుపోతుంది.

రెండవ భాగం: యంత్రాన్ని క మేకుకు 2 మీటర్ల అవతల, రెండు మేకుల వరుసలోనే నిలపండి. ఇప్పుడు క దూరం 2 మీటర్లు, చ దూరం 62 మీటర్లు.

క మీద అంకె: 1.510 మీ.
చ మీద రావలసిన అంకె: 1.510 – 0.155 = 1.355 మీ.
చ మీద వచ్చిన అంకె: 1.379 మీ.
తేడా: 0.024 మీ.

అంటే దృష్టిరేఖ 60 మీటర్లకు 24 మి.మీ. పైకి పోతోంది. బుడగ మధ్యలోనే ఉంది. అంకెలు స్పష్టంగానే ఉన్నాయి. అయినా రేఖ తప్పు. ఇందాక చెప్పిన తుపాకీ దూరదర్శినిలో ఇంత దోషం ఉంటే మరను అయిదారు టిక్కులు తిప్పవలసి వస్తుంది.

సరిచేయడం: అడ్డగీతను పట్టి ఉంచే చట్రానికి పైన, కింద చిన్న మరలుంటాయి. ఒకదానిని కొద్దిగా వదులు చేసి, అంతే మేరకు రెండోదానిని బిగించాలి. రెండూ వదిలితే గీత నిలవదు. రెండూ బలంగా బిగిస్తే చట్రం దెబ్బతింటుంది. చ మీద అంకె 1.355కు వచ్చేవరకు కొద్దికొద్దిగా తిప్పండి. క దగ్గరి అంకెలో కూడా 1 మి.మీ. లోపు దోషం ఉంటుంది. దానిని ఇక్కడ వదిలివేశాము. అందుచేత సరిచేసిన తరువాత పరీక్షను మళ్ళీ మొదటి నుంచి చేయాలి. రెండోసారి కూడా సరిపోతేనే పని పూర్తయినట్లు.

నేటి ‘ఆటో లెవెల్’ యంత్రాలలో లోపల వేలాడే అమరిక ఒకటి చిన్న వాలును తనంతట తానే సరిదిద్దుతుంది. అయినా అడ్డగీత స్థానం తప్పితే దానిని అది కనిపెట్టలేదు. కాబట్టి వాటికి కూడా ఈ పరీక్ష అవసరమే.

పాఠ్యగత ప్రశ్నలు 11.2
1. యంత్రాన్ని మధ్యలో నిలిపినప్పుడు దోషం ఎందుకు కొట్టుకుపోతుంది?
2. మధ్య నుంచి తీసిన తేడా 0.210 మీ. (చ ఎత్తు). తరువాత క మీద 1.600, చ మీద 1.384 వచ్చాయి. దృష్టిరేఖ పైకి పోతోందా, కిందికా? ఎంత?

11.5 దోషం పెరిగే తీరు

24 మి.మీ. అంటే రెండు వేళ్ళ మందం కూడా లేదు. దీనికి ఇంత హడావిడి ఎందుకని మీకు అనిపించవచ్చు. లెక్క చేసి చూద్దాం.

పై యంత్రంతోనే ఒకతను 1050 మీటర్ల పొడవున మట్టం తీసుకొంటూ వెళ్ళాడనుకొందాం. తొందరలో ప్రతిసారీ వెనుక కర్రకు 20 మీటర్లు, ముందు కర్రకు 50 మీటర్లు వచ్చేటట్లు యంత్రాన్ని నిలిపాడు. ఒక్కొక్క మజిలీకి 70 మీటర్లు సాగింది. మొత్తం 15 మజిలీలు.

ప్రతి మజిలీలో దూరాల తేడా 30 మీటర్లు.
30 మీటర్లకు దోషం 12 మి.మీ.
15 మజిలీలకు: 15 × 12 = 180 మి.మీ.

ముందు కర్ర మీద ప్రతిసారీ 12 మి.మీ. ఎక్కువ అంకె వస్తుంది కాబట్టి ముందున్న నేల ఉన్నదానికంటె పల్లంగా లెక్కకు వస్తుంది. చివరకు 180 మి.మీ., అంటే ఒక మెట్టంత, నేల మీద లేని పల్లం పుస్తకంలో చేరుతుంది.

రైల్వే యార్డులలో ఈ మెట్టుకు విలువ ఉంది. నిలిపిన బండి తనంతట తాను దొర్లకూడదు కనుక, మన రైల్వేల నియమాల ప్రకారం స్టేషను యార్డులో వాలు 1200 మీటర్లకు 1 మీటరు మించకపోవడం మంచిది. ప్రత్యేక అనుమతి లేకుండా 400కు 1 కంటె ఎక్కువ ఉండకూడదు. 1050 మీటర్ల పొడవులో 1200కు 1 అంటే 875 మి.మీ. ఎత్తు. పై మనిషి పుస్తకంలో సరిగ్గా 875 మి.మీ. ఎక్కుడు కనిపించిందనుకోండి. నేల మీద ఉన్నది 875 + 180 = 1055 మి.మీ. అంటే దాదాపు 995కు 1. కాగితం మీద నియమం నిలబడింది, నేల మీద తప్పింది. పుస్తకం చూసి సంతకం చేసేవారికి ఆ సంగతి తెలిసే మార్గం లేదు. నింపురా వంటి పెద్ద యార్డులో వ్యాగన్ల మధ్య నడిచి పనిచేసే మనిషికి ఈ అంకెలతో ఏం సంబంధమో ఇప్పుడు మీరే ఆలోచించండి.

దీనికి విరుగుడు రెండు విధాలు.

మొదటిది, ముందు వెనుక దూరాలు సమానంగా ఉంచడం. అలా చేస్తే యంత్రంలో దోషమున్నా ప్రతి మజిలీలోనూ కొట్టుకుపోతుంది. ఇందుకు అడుగులు లెక్కపెట్టి నడిస్తే చాలు.

రెండవది, బయలుదేరిన చోటికి మట్టం తీసుకొంటూ తిరిగి రావడం. మొదటి అంకె, చివరి అంకె కలవకపోతే ఎక్కడో తప్పున్నట్లు. కలవని లెక్కను కలిపి రాయడం మాత్రం నేరంతో సమానం.

11.6 ఎప్పుడెప్పుడు పరీక్షించాలి?

కొత్త పని మొదలుపెట్టే ముందు, యంత్రం లారీలోగాని రైల్లోగాని దూరప్రయాణం చేసినప్పుడు, ఇతరుల చేతికి ఇచ్చి తిరిగి తీసుకొన్నప్పుడు, ముఖ్యంగా కిందపడినప్పుడు, దెబ్బ తగిలినప్పుడు పరీక్ష చేసి తీరాలి.

దెబ్బ విషయంలో చరిత్రలో పేరుపొందిన సంఘటన ఒకటుంది. విలియం లాంబ్టన్ 1802లో మద్రాసులో మొదలుపెట్టిన సర్వే తరువాత భారతదేశమంతటికీ విస్తరించింది. ఆయన వాడిన పెద్ద థియోడొలైట్ బరువు దాదాపు అర టన్ను. 1808లో తంజావూరు పెద్ద గుడి మీదికి దానిని తాళ్ళతో ఎక్కిస్తుండగా తాడు తెగి, యంత్రం గోడకు కొట్టుకొని దాని చక్రం వంకరపోయింది. మరొకరైతే పని ఆపేవారు. లేదా పైకి బాగానే కనిపిస్తోందని వాడేవారు. లాంబ్టన్ ఆ రెండూ చేయలేదు. వారాల తరబడి కూర్చొని, వంకరపోయిన చక్రాన్ని తిరిగి తన ఆకారానికి తెచ్చి, ఆ తరువాతే కొలతలు సాగించారు.

యంత్రం జారిపడిందని ఒప్పుకోవడానికి సహాయకులు భయపడతారు. పని నేర్పేవారు తిట్టకుండా వినడం నేర్చుకోవాలి. ‘పడింది’ అని చెప్పిన మాట వల్ల ఒక పూట పోతుంది. చెప్పకపోతే పని అంతా పోవచ్చు.

11.7 భాషాంశం: ‘గురి’

తెలుగులో ‘గురి’ అంటే లక్ష్యం. గురి పెట్టు, గురి చూసి కొట్టు, గురి తప్పు అనే ప్రయోగాలలో ఈ అర్థమే ఉంది. ‘ఆ మేస్త్రి మీద మాకు గురి’ అన్నప్పుడు మాత్రం నమ్మకం అని అర్థం. ‘గురి కుదిరింది’ అంటే నమ్మకం కలిగిందని భావం. ‘విమర్శకు గురి అయ్యాడు’ అన్నప్పుడు లోనయ్యాడని అర్థం. మొదటి రెండు అర్థాలూ ఈ పాఠంలో కలిసే ఉన్నాయి: సాధనం గురి తప్పలేదని పరీక్షించి తెలుసుకొన్న తరువాతే దాని మీద మనకు గురి కుదరాలి.

పదజాలం
అక్షికటకం – కంటి వైపు ఉండే కటకం
దృష్టిరేఖ – అడ్డగీత గుండా చూపు వెళ్ళే రేఖ
మజిలీ – ఒకసారి యంత్రం నిలిపి కొలిచే మేర
రసమట్టం – బుడగతో మట్టం చూపే మేస్త్రి సాధనం

11.8 సారాంశం

దూరదర్శిని చూపును పెంచుతుంది. దిశను సరిచేయదు. బుడగ రేఖ, దృష్టిరేఖ వేర్వేరు. అవి సమాంతరంగా ఉన్నాయో లేదో రెండు మేకుల పరీక్ష చెబుతుంది. మధ్యలో నిలిపితే దోషం కొట్టుకుపోతుంది. ఒక పక్కన నిలిపితే బయటపడుతుంది. దూరాలు సమానంగా ఉంచడం, బయలుదేరిన చోటికి తిరిగి రావడం, దెబ్బ తగిలితే దాచకపోవడం మంచి పనివాని లక్షణాలు.

11.9 ముగింపు అభ్యాసం

1. ‘స్పష్టంగా కనిపించినంత మాత్రాన సరిగ్గా చూపినట్లు కాదు’ – ఈ మాటను మీ వృత్తి నుంచిగాని, ఇంటి పనుల నుంచిగాని ఒక ఉదాహరణతో పది వాక్యాలలో వివరించండి.
2. 11.5లోని మనిషి అదే యంత్రంతో, అదే 20, 50 మీటర్ల అలవాటుతో బయలుదేరిన చోటికి తిరిగి వచ్చాడు. మొదటి అంకెకూ చివరి అంకెకూ ఎంత తేడా వస్తుంది?
3. ‘గురి’ అనే మాటను మూడు అర్థాలలో సొంత వాక్యాలలో ప్రయోగించండి.

11.10 సమాధానాలు

11.1: (1) నిర్ణీత దూరంలో గుండు తగిలే చోటును, చూపు నిలిచే చోటును. (2) కాదు. బుడగ తన రేఖను గురించే చెబుతుంది.

11.2: (1) రెండు దూరాలూ సమానం కనుక రెండు అంకెలలోనూ దోషం సమానంగా ఉండి, తీసివేతలో పోతుంది. (2) రావలసినది 1.390, వచ్చినది 1.384. కాబట్టి 6 మి.మీ. కిందికి పోతోంది.

ముగింపు అభ్యాసం 2: వెళ్ళేటప్పుడు 180, వచ్చేటప్పుడు 180, మొత్తం 360 మి.మీ. మీకు 0 వచ్చిందా? అయితే తిరుగు ప్రయాణంలో ‘ముందు కర్ర’ ఏదో మరొక్కసారి బొమ్మ గీసి చూడండి.